పోయిన నట్టు, తెలియని కొలత

బాల్కొండ పక్కనుంచి 44వ జాతీయ రహదారి పోతుంది. నాగ్‌పూర్, హైదరాబాద్ మధ్య తిరిగే లారీలకు రాత్రీ పగలూ తేడా లేదు. ఊళ్లో ట్రాక్టర్లు, ట్రాలీలు, మక్కలు పట్టే మిషన్లు, గల్ఫ్ సంపాదనతో కొన్న సెకండ్ హ్యాండ్ కార్లు. ఇన్ని బండ్లు తిరిగే చోట పంక్చర్ వేసేవాళ్లకూ వెల్డింగ్ చేసేవాళ్లకూ కొదవ ఉండదు. గేర్‌బాక్స్ దింపాలన్నా మనిషి దొరుకుతాడు. దొరకనిది చాలా చిన్న వస్తువు. ఇంటి ముందు కారు నిలిపి, ఆదివారం పూట బ్రేకులు శుభ్రం చేసుకుందామని కూర్చున్న మనిషి చేతిలోంచి ఎగిరిపోయిన సర్క్లిప్. తలుపు లోపలి అట్ట ఊడదీస్తుంటే విరిగిన ప్లాస్టిక్ క్లిప్పు. స్టెప్నీ మారుస్తుంటే చీకట్లో రోడ్డు పక్క గడ్డిలోకి దొర్లిపోయిన చక్రం నట్టు.

దాని ఖరీదు పది రూపాయలో ఇరవై రూపాయలో. దానికోసం ఆర్మూరు పోవాలి. అక్కడ లేకపోతే నిజామాబాద్ పోవాలి. అక్కడా లేకపోతే "ఆర్డర్ పెడతం అన్నా, నాలుగు రోజులైతది" అన్న మాట విని తిరిగి రావాలి. పెట్రోలు ఖర్చు వస్తువు ధరను ఎప్పుడో దాటిపోతుంది. ఆ నాలుగు రోజులూ కారు వాకిట్లో కదలకుండా పడి ఉంటుంది. స్క్రూలతో సహా లెక్కపెడితే ఒక కారులో సుమారు 30,000 విడిభాగాలు ఉంటాయని టయోటా కంపెనీ చెబుతుంది. వాటిలో ఒక్కటి లేకపోతే మిగతావన్నీ ఆగిపోయే సందర్భం ఇది.

ఈ చికాకును జనం దురదృష్టం కింద జమ కడతారు. నేను ఒప్పుకోను. ఆ ముక్క ఎగరడానికీ, ఎగిరాక కనపడకపోవడానికీ, దాని చోట ఇంకొకటి పట్టకపోవడానికీ స్పష్టమైన కారణాలున్నాయి. కొన్ని భౌతికశాస్త్రానివి, కొన్ని మన కళ్లవి, కొన్ని వ్యాపారానివి.

ఎగిరింది ఎటు పోయింది

ముందు సర్క్లిప్ సంగతి చూద్దాం. అది స్ప్రింగు ఉక్కుతో చేసిన తెరిచిన ఉంగరం. ఇరుసు మీది గాడిలో కూర్చుని, బేరింగును గానీ పిన్నును గానీ బయటికి రాకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని తీయాలంటే ప్రత్యేకమైన ప్లయర్‌తో దాని రెండు చెవులనూ విడదీయాలి. విడదీస్తున్నంతసేపూ మన చేతి బలం దానిలో శక్తిగా నిల్వ అవుతూ ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. క్లిప్పును 2 మిల్లీమీటర్లు తెరవడానికి చివరికి 20 న్యూటన్ల బలం, అంటే రెండు కిలోల బరువు ఎత్తినంత బలం, కావాలనుకుందాం. బలం సున్నా నుంచి మొదలై 20కి చేరుతుంది కాబట్టి సగటున 10. దాన్ని 0.002 మీటర్లతో గుణిస్తే 0.02 జౌళ్లు. చాలా స్వల్పమైన శక్తి. కానీ క్లిప్పు బరువు అరగ్రాము మాత్రమే. ప్లయర్ మొన జారిన క్షణంలో ఆ శక్తి మొత్తం దాని వేగంగా మారితే, అది సెకనుకు దాదాపు 9 మీటర్లు, గంటకు 32 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 45 డిగ్రీల కోణంలో లేస్తే, గాలి నిరోధాన్ని వదిలేసి చూస్తే, ఎనిమిది మీటర్ల అవతల పడుతుంది. వాకిలి దాటి, గోడ దాటి, పక్కవాళ్ల పసుపు ఆరబోసిన చోటికి చేరినా ఆశ్చర్యం లేదు. మనం వెతికేది మాత్రం కాళ్ల దగ్గర. అన్నిటికంటే ముఖ్యం, అది కంటికి తగలొచ్చు. కళ్లద్దాలు పెట్టుకోకుండా సర్క్లిప్ తీయకూడదు. ఎడమ చేతిలో ఒక పాత గుడ్డ పట్టుకుని, క్లిప్పును కప్పినట్టు ఉంచి తీస్తే ఆ శక్తిని గుడ్డ తాగేస్తుంది.

నట్టు కథ వేరు. దానిలో నిల్వ ఉన్న శక్తి ఏమీ లేదు, ఉన్నదల్లా ఎత్తు. 60 సెంటీమీటర్ల ఎత్తునుంచి జారితే 0.35 సెకన్లలో నేలను తాకుతుంది. ఏదైనా చూసి చేయి కదపడానికి మనిషికి పావు సెకను దాకా పడుతుంది. అంటే జారిందని తెలిసేసరికి పని అయిపోతుంది. సిమెంటు గచ్చు మీద ఉక్కు బాగా ఎగురుతుంది. పైగా నట్టుకు ఆరు పలకలు, పన్నెండు మూలలు. మూల మీద పడితే కిందికి వస్తున్న వేగంలో కొంత పక్కకు మళ్లుతుంది, కొంత గిరగిర తిరగడంగా మారుతుంది. వాషర్ అయితే అంచు మీద నిలబడి చక్రంలా దొర్లిపోతుంది.

ఇక్కడ చెవి మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో చెవులు బాగానే పసిగడతాయి. కానీ గట్టిగా వినపడేది మొదటి దెబ్బ. అది నట్టు ఎక్కడ పడిందో చెబుతుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు. అందుకే శబ్దం వినగానే వంగి వెతకడం మొదలుపెట్టకుండా, ఊపిరి బిగబట్టి చివరి శబ్దం దాకా వినాలి. అసలు ఏ శబ్దమూ రాలేదంటే అది ఇంకా నేలకు చేరలేదన్నమాట. ఇంజన్ అడుగున ఉండే ప్లాస్టిక్ షీల్డులోనో, సబ్‌ఫ్రేమ్ మడతలోనో, బ్యాటరీ ట్రేలోనో ఉండిపోయింది. స్పార్క్ ప్లగ్గు విప్పి ఉన్నప్పుడో, గాలి పీల్చే గొట్టం తెరిచి ఉన్నప్పుడో నట్టు కనపడకుండా పోతే మాత్రం, అది దొరికేదాకా తాళం చెవి తిప్పకూడదు. సిలిండర్లో పడిన చిన్న ఉక్కు ముక్క పిస్టన్‌నూ వాల్వులనూ దెబ్బతీస్తే వచ్చే ఖర్చు వేలల్లో ఉంటుంది.

వెతకడం గురించి ఒక పరిశోధన చెప్పాలి. 2005లో హార్వర్డ్‌కు చెందిన జెరెమీ వుల్ఫ్, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. రకరకాల వస్తువుల మధ్య దాగిన ఒక వస్తువును గుర్తించమని మనుషులను అడిగారు. సగం బొమ్మల్లో ఆ వస్తువు ఉన్నప్పుడు వాళ్లు చూడకుండా వదిలేసింది 7 శాతం. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం వదిలేశారు. ఎదురుగా ఉన్నా చూడలేదు. ఎప్పుడో తప్ప కనపడదని తెలిసినప్పుడు మనిషి తొందరగా "ఇక్కడ లేదు" అనేసి ముందుకు పోతాడు. విమానాశ్రయంలో సామాన్లు తనిఖీ చేసేవాళ్ల గురించి ఆలోచిస్తూ చేసిన ప్రయోగమిది. వాకిట్లో నట్టు వెతికేవాడికీ వర్తిస్తుంది. జానెడు జానెడుగా చూసుకుంటూ పోతే ప్రతి జానెడులోనూ అది లేకపోయే అవకాశమే ఎక్కువ. కన్ను అలవాటుగా జారిపోతుంది. అందుకే చూసిన చోటే మూడుసార్లు చూసి, నాలుగోసారి అక్కడే దొరికిందని ఆశ్చర్యపోతాం.

దీనికి మందు వెలుతురు. పైనుంచి పడే వెలుతురులో నూనె మరకా నట్టూ ఒకటే రంగు. ఫోను టార్చిని నేలకు ఆనించి, ఏటవాలుగా వెలుతురు పంపితే నీడలు సాగుతాయి. 5 మిల్లీమీటర్ల ఎత్తున్న నట్టు మీద వెలుతురు 5 డిగ్రీల కోణంలో పడితే దాని నీడ దాదాపు 57 మిల్లీమీటర్లు. వెతుకుతున్న వస్తువు ఒక్కసారిగా పదకొండు రెట్లు పెద్దదైనట్టే. అయస్కాంతం కూడా పనికొస్తుంది గానీ దాని మీదే ఆధారపడొద్దు. స్ప్రింగు ఉక్కు దానికి అంటుకుంటుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ అంటుకోవు. స్టెయిన్‌లెస్ రకాల్లో చాలా భాగం కూడా సరిగా అంటుకోదు.

ప్లాస్టిక్ క్లిప్పుల గురించి ఒక్క మాట. తలుపు అట్టలనూ బంపర్లనూ పట్టి ఉంచే ఈ క్లిప్పులు చాలావరకు నైలాన్. గాలిలోని తేమను కొంత పీల్చుకున్న నైలాన్ వంగుతుంది. ఎండకు మాడి ఎండిపోయిన నైలాన్ పుటుక్కున విరుగుతుంది. నిజామాబాద్ జిల్లా మే నెలలో, 45 డిగ్రీల ఎండలో నిలిపిన కారు తలుపు విప్పితే క్లిప్పులు విరగకుండా రావడం కష్టం. వానాకాలం దాకా ఆగగలిగితే నష్టం తక్కువ.

సాంపిల్ తెచ్చినవా?

నట్టు దొరకలేదు. అంగడికి వెళ్లాం. అక్కడ మొదటి ప్రశ్న, "సాంపిల్ తెచ్చినవా అన్నా?" పోయినదాని సాంపిల్ ఎక్కడినుంచి తేవాలి? ఇక్కడే అసలు నష్టం ఏమిటో అర్థమవుతుంది. ఉక్కు ముక్క పోతే పోయింది. దానితోపాటు దాని కొలత, దాని మర వాలు, దాని గట్టిదనం, అది కూర్చునే చోటి ఆకారం కూడా పోయాయి. నలుసంత లోహంలో అంత సమాచారం ఉంది.

"పన్నెండు నంబర్ పానా పట్టే బోల్టు" అని అడుగుతాం. అది చాలదు. పానా నంబరు బోల్టు తల వెడల్పును చెబుతుంది, బోల్టు లావును చెప్పదు. 8 మిల్లీమీటర్ల లావున్న బోల్టుకు జపాన్ పద్ధతిలో 12 నంబర్ తల ఉంటుంది, ఐరోపా పద్ధతిలో 13. 10 మిల్లీమీటర్ల బోల్టుకు జపాన్ కార్లలో తల 14, మర వాలు సాధారణంగా 1.25 మిల్లీమీటర్లు. అదే లావు బోల్టు హార్డ్‌వేర్ దుకాణంలో మామూలుగా దొరికేది 1.5 వాలుతో. వాలు అంటే ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం. ఈ పావు మిల్లీమీటరు తేడాతో నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. "కొంచెం టైట్‌గ ఉంది" అనుకుని పొడుగు పానా వేసి తిప్పితే మర చెడుతుంది. అప్పటిదాకా పోయింది నట్టు ఒక్కటే, ఇప్పుడు అది పట్టే బోల్టు కూడా పోయింది.

ఈ గందరగోళం మనకు వారసత్వంగా వచ్చింది. 19వ శతాబ్దం సగం దాకా ప్రతి కార్ఖానా తన ఇష్టం వచ్చిన మర కోసుకునేది. 1841లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అనేక వర్క్‌షాపుల బోల్టులు తెప్పించి, వాటిని పోల్చి, 55 డిగ్రీల కోణంతో ఒకే పద్ధతి ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలతో మరొకటి తెచ్చాడు. కోయడం తేలిక అన్నది ఆయన వాదన, అది నిజమే. ఒకటి కావాల్సింది రెండయ్యాయి. ఐరోపాలో మెట్రిక్ మర మూడోది. కొలతలు కలవకపోతే ఏమవుతుందో 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరం చూసింది. ఊరు తగలబడుతుంటే పక్క నగరాలనుంచి ఫైరింజన్లు వచ్చాయి. వాటి గొట్టాల మూతులు బాల్టిమోర్ నీటి కుళాయిలకు పట్టలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ యంత్రాల విడిభాగాలు ఒకదానికొకటి పట్టక పడిన అవస్థ తర్వాతే, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే అంగుళం మరకు ఒప్పుకున్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పని మొదలుపెట్టింది 1947లో. మన భారతీయ ప్రమాణాల సంస్థ పుట్టిందీ ఆ ఏడే.

మన రోడ్ల మీద ఈ చరిత్ర మొత్తం ఇప్పటికీ తిరుగుతోంది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్‌ది అంగుళాల మర. అమెరికన్ విల్లీస్ వంశపు పాత జీపులదీ అంతే. పాత ట్రాక్టర్లలో చాలావాటిదీ అంతే. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు చేతులు మారాయి. దానితో జపాన్ మెట్రిక్ మర మన ఇళ్లలోకి వచ్చింది. బాల్కొండ లాంటి వ్యవసాయ ప్రాంతంలో ఒకే మెకానిక్ పొద్దున ట్రాక్టర్, మధ్యాహ్నం జీపు, సాయంత్రం కారు విప్పుతాడు. అన్నిటి నట్లూ ఒకే డబ్బాలో పడతాయి. అంగట్లో ఇప్పటికీ సూతుల లెక్క, మిల్లీమీటర్ల లెక్క రెండూ నడుస్తాయి. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాలుగు సూతుల బోల్టంటే అర అంగుళం.

అసలు ప్రమాదం ఆ నాలుగు సూతుల దగ్గరుంది. పట్టని నట్టు మేలే చేస్తుంది. కనీసం "నేను కాదు" అని చెబుతుంది. పట్టినట్టు నటించే నట్టుతోనే ముప్పు. మారుతి చక్రం బోల్టు లావు 12 మిల్లీమీటర్లు, వాలు 1.25. అర అంగుళం సన్న మర నట్టుకు అంగుళానికి 20 మరలు, అంటే వాలు 1.27. వాలులో తేడా యాభయ్యో వంతు మిల్లీమీటరే. కాబట్టి ఆ నట్టు ఈ బోల్టు మీదికి సాఫీగా ఎక్కేస్తుంది. కానీ దాని రంధ్రం 0.7 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు. సరైన నట్టులో మర మరను ఎంత లోతుగా పట్టుకుంటుందో, ఇందులో ఆ పట్టు సుమారు సగానికి పడిపోతుంది. చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతుంది, పానాతో బిగిస్తే కొంత బిగుస్తుంది కూడా. రోడ్డెక్కాక ఊడుతుంది. చేత్తో తిప్పినప్పుడు అటూ ఇటూ ఊగే నట్టును చక్రానికి ఎప్పటికీ వేయకూడదు.

బోల్టు అంటే రెండు వస్తువులను పట్టి ఉంచే మేకు అని చాలామంది అనుకుంటారు. బిగించిన బోల్టు నిజానికి సాగదీసిన స్ప్రింగు. చిన్న కారు చక్రం నట్టును 85 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తాం. మన చేతి శ్రమలో దాదాపు పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతాయి. మిగిలిన ఆ ఒక్క వంతు బోల్టును సుమారు మూడున్నర టన్నుల బలంతో లాగి ఉంచుతుంది. నాలుగు నట్లకు పద్నాలుగు టన్నులు. చక్రాన్ని హబ్బుకు అదిమి ఉంచేది ఈ బలం. అంత బలానికి బోల్టు సాగేది ఎంత? పట్టున్న భాగం 20 మిల్లీమీటర్లు అనుకుంటే 0.04 మిల్లీమీటరు. తల వెంట్రుక మందంలో సగం. నట్టు కింద ఇసుక రేణువో, ఊడిపోయే రంగు పొరో ఉండి, నాలుగు కిలోమీటర్లు పోయాక ఆ మందం నలిగిందంటే, సాగిన బోల్టు మామూలు పొడుగుకు వచ్చేస్తుంది. పట్టు మాయం. 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఒక ప్రయోగం చేసి చూపించాడు. బోల్టుకు అడ్డంగా వచ్చే కుదుపులు నట్టును దానంతట అదే తిప్పి వదులు చేస్తాయి. సరిగా బిగించి ఉన్నంతకాలం బోల్టు పట్టి ఉంచిన పలకలు జరగవు, నట్టు తిరగదు. పట్టు తగ్గిందంటే జరగడం మొదలవుతుంది, ఆ తర్వాత నట్టు ఊడటానికి ఎంతోసేపు పట్టదు. "స్ప్రింగ్ వాషర్ వేసినం గదా" అని నిశ్చింతగా ఉండేవాళ్లకు, ఆ పరీక్షలో స్ప్రింగ్ వాషర్ పెద్దగా ఆదుకోదని తెలియాలి.

నట్టు అడుగు ఆకారం కూడా మారుతుంది. కొన్ని చక్రాలకు కోను ఆకారం, కొన్నిటికి గుండ్రం, కొన్నిటికి చదును. మర ఒకటే అయినా అడుగు కలవకపోతే నట్టు సన్నని అంచు మీద నిలుస్తుంది. ఇక గట్టిదనం. బోల్టు తల మీద 8.8 అని ఉంటే, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగదని, అందులో 80 శాతం దాకా శాశ్వతంగా సాగదని అర్థం. 4.6 అంటే 400, అందులో 60 శాతం. చూపుకు రెండూ ఒకటే. గేటు బిగించడానికి కొన్న 4.6 బోల్టు బ్రేకు కాలిపర్‌కు వేస్తే, సగం బలం లేని వస్తువు మీద ప్రాణం పెట్టినట్టే.

సాంపిల్ చూసి జత కలపడం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పే సంఘటన ఒకటి ఉంది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. కో పైలట్ సౌతాంప్టన్‌లో విమానాన్ని దించాడు. కెప్టెన్ బతికాడు. ఆ అద్దం బిగించి 27 గంటలే అయింది. 90 బోల్టుల్లో 84 లావు తక్కువవి, తేడా 0.66 మిల్లీమీటరు. మిగిలిన ఆరు పొట్టివి. రాత్రి డ్యూటీలో ఉన్న షిఫ్ట్ మేనేజర్ పాత బోల్టును చేత్తో పట్టుకుని, స్టోర్‌లోని డబ్బాల్లో దానికి జత వెతికాడు. పుస్తకంలో నంబరు చూడలేదు. ఇంకో సంగతి కూడా దర్యాప్తులో తేలింది: పాత బోల్టుల్లో చాలావరకు కూడా ఉండాల్సిన పొడుగువి కావు. అంటే సాంపిలే తప్పు.

నాకు ఈ సంఘటనలో భయం కలిగించేది అదే. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాడికి తన బండిలో ఉన్న నట్టు కంపెనీదో, ఎవరో ఎప్పుడో దొరికింది వేసి నడిపించిందో తెలియదు. విప్పినదాన్నే సాంపిల్‌గా తీసుకుపోతే ఎవరిదో పాత పొరపాటు కొత్త నట్టుగా తిరిగి వస్తుంది. అందుకే ఒక్క నట్టును నమ్మకూడదు. నాలుగింటినీ పోల్చాలి, రెండో చక్రాన్ని కూడా చూడాలి.

అంగట్లో ఎందుకుండదు

పది రూపాయల వస్తువును దుకాణదారుడు ఎందుకు పెట్టుకోడు? అతని తప్పు లేదు. పదుల మోడళ్లు, ఒక్కో మోడల్‌లో ఏడాదికో మార్పు, ఒక్కోదానికి వందల రకాల క్లిప్పులు. ఏది ఎవరికి ఎప్పుడు కావాలో తెలియదు. వాటిలో డబ్బు ఇరికించుకుని కూర్చోవడం అతనికి గిట్టదు. కంపెనీ కూడా చాలా చిన్న ముక్కలను విడిగా అమ్మదు. క్లిప్పు కావాలంటే కిట్టు కొనాలి. బుష్షు కావాలంటే ఆర్మ్ మొత్తం కొనాలి.

దీనికి న్యాయపరమైన కోణం ఉంది. 2011లో శంషేర్ కటారియా అనే ఆయన భారత పోటీ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. కార్ల కంపెనీలు అసలు విడిభాగాలను బహిరంగ మార్కెట్లో దొరకనివ్వడం లేదని, బయటి మెకానిక్‌లకు సాంకేతిక సమాచారం ఇవ్వడం లేదని ఆయన ఆరోపణ. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, మొత్తం రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటివాళ్లకూ అందుబాటులో పెట్టాలని ఆదేశించింది. దానిమీద అప్పీళ్లు నడిచాయి, జరిమానా లెక్క కొందరికి తగ్గింది. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పనిముట్లూ వాహనాలూ రెండూ దాని పరిధిలో ఉన్నాయి. దిశ సరైనదే. కానీ బాల్కొండలో వాకిట్లో కూర్చున్న మనిషికి ఒక నట్టు కొలత చెప్పే కాగితం ఇంకా చేరలేదు.

ఇదే జిల్లాలో యంత్రంతో బతకడం తెలిసిన తరం ఒకటి ఉండేది. బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర మిల్లు చలికాలం చెరుకు ఆడినన్నాళ్లూ ఆగకుండా నడుస్తుంది. సీజను అయిపోగానే రోలర్లు, పంపులు, బేరింగులు అన్నీ విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించాలి. విప్పిన ప్రతి జతకూ గుర్తు కొట్టడం, లేని బోల్టును లేత్ మీద కోసుకోవడం అలాంటి మిల్లుల్లో ఫిట్టర్ల, టర్నర్ల రోజువారీ పని. కొలిచాకే కోయాలన్నది వాళ్ల చేతుల్లో ఉన్న చదువు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. దాన్ని తెరిపించాలని రైతులూ కార్మికులూ అడుగుతూనే ఉన్నారు. యంత్రాలు తుప్పు పడితే మళ్లీ కొనొచ్చు. ఆ చేతుల చదువు చెదిరిపోతే తిరిగి పోగు చేయడానికి ఒక తరం పడుతుంది. ఈ నష్టం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఆ చదువులో కొంత ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. బోల్టు మరల మీద స్కేలు ఆనించి పది మరల పొడుగు కొలవండి. 12.5 మిల్లీమీటర్లు వస్తే వాలు 1.25. 15 వస్తే 1.5. అంగుళానికి 18 మరలున్న రెండున్నర సూతుల బోల్టు అయితే 14.1 వస్తుంది. లావు 8 మిల్లీమీటర్ల బోల్టుకూ దీనికీ కంటికి తేడా తెలియదు, రెండింటి లావులో తేడా 0.06 మిల్లీమీటరే. కానీ పది మరల మీద స్కేలు ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా చూపిస్తుంది. ఒక మరలో కనపడని తప్పు పది మరల్లో పోగై బయటపడుతుంది.

రెండు పక్కల బ్రేకులూ ఒకేసారి విప్పొద్దు. ఒక పక్క పూర్తిచేసేదాకా రెండో పక్కే మీ సాంపిల్, మీ పటం. కారు కింద దూరడానికి జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు. పాత బెడ్‌షీటు ఒకటి పరిచి కూర్చుంటే పడిన నట్టు ఎగరదు, దొర్లదు. బ్రేకు, స్టీరింగు, చక్రం, వీటిలో ఏ ముక్క పోయినా "దొరికింది వేద్దాం" అనొద్దు. నాలుగు రోజులు ఆగడమే నయం. తలుపు అట్ట క్లిప్పుకు మాత్రం దగ్గర కొలతది ఏదైనా వేసుకోండి, కొంపలు మునగవు.

కార్ల కంపెనీలను అడగాల్సింది ఒకటే. యజమానికిచ్చే పుస్తకంలో టైరు గాలి ఎంతో రాస్తున్నారు, నూనె రకం రాస్తున్నారు. చక్రం నట్టు, డ్రెయిన్ ప్లగ్గు, బ్యాటరీ బిగింపు, నంబర్ ప్లేటు స్క్రూ, ఇలాంటి ఇరవై ముప్పై చిన్న ముక్కల లావు, వాలు, గట్టిదనం, పార్ట్ నంబరు ఒక్క పేజీలో తెలుగులో అచ్చు వేయండి. ఆ ముక్కలను విడిగా అమ్మండి. అందుకు అయ్యే ఖర్చు ఒక కాగితం.

ఆ పేజీ వచ్చేదాకా మనమే రాసుకుందాం. వచ్చే ఆదివారం మీ కారు చక్రం నట్టు ఒక్కటి విప్పి, మరలు కొలిచి, అడుగు ఆకారం చూసి, తిరిగి సరిగా బిగించి, ఆ కొలతలను కారు పుస్తకం చివరి అట్ట మీద బాల్ పెన్నుతో రాయండి. నిజామాబాద్ వెళ్లినప్పుడు అదే కొలత నట్లు రెండు అదనంగా కొని డిక్కీలో పెట్టుకోండి.